60 నిమిషాల సెషన్ ప్లాన్: ప్రాక్టికల్‌లో మార్కులు ఎక్కడ పోతాయి?

ప్రశ్న (రెండో ఏడు స్టూడెంట్): స్పోర్ట్స్ కోచింగ్ డిగ్రీ ప్రాక్టికల్ వచ్చే వారమే. 13 ఏళ్లలోపు పిల్లలు 16 మంది, అంశం ఫుట్‌బాల్ షార్ట్ పాస్. వార్మప్ 15, వరుసలో పాసింగ్ డ్రిల్ 25, మ్యాచ్ 10, చివర స్ప్రింట్లు 10 నిమిషాలు అని రాశాను. ఎక్కడ దెబ్బతింటాను? తర్వాత వైవా కూడా ఉందండి.

జవాబు 1: ముందు ఆ వరుస తీసేయండి. ఒక్కొక్కరికి 10 సెకన్లనుకున్నా మళ్లీ వంతు రావడానికి 160 సెకన్లు. అంటే 25 నిమిషాలకు తొమ్మిదో పదో పాసులు, మిగతాదంతా నిలబడటమే. అల్లరి మొదలయ్యేదీ అక్కడే. బదులుగా 10 మీటర్ల చదరాలు నాలుగు గీయండి. ఒక్కోదాంట్లో ముగ్గురు పాస్ చేస్తుంటే ఒకరు అడ్డుకుంటారు. 90 సెకన్లకోసారి మధ్యలో ఉన్నవాళ్లను మార్చండి, అలా రెండు రౌండ్లు. బంతి మరీ తేలిగ్గా తిరుగుతుంటే 8 మీటర్లకు కుదించండి, ఊరికే తెగిపోతుంటే 12 చేయండి. ఈ మార్పులు ప్లాన్‌లో ముందే రాసి ఉండాలి, చాలామంది ఆ కాలమ్ ఖాళీగా వదిలేస్తారు. తర్వాతి ఆటకు కావాల్సిన కోన్లు వేరే రంగులో ముందే పరిచేయండి. మధ్యలో కోన్లు ఏరుకుంటూ కూర్చుంటే పిల్లలు చేయి దాటిపోతారు.

జవాబు 2: స్ప్రింట్లు చివర్లో వద్దు. అలసిన కాళ్లతో పరుగెత్తిస్తే అది వేగానికి శిక్షణ కాదు. వేగం కావాలంటే వార్మప్ అవగానే, 20 మీటర్ల పరుగుకు కనీసం ఒక నిమిషం విశ్రాంతి ఇస్తూ చేయించాలి. మీ అంశం పాసింగ్ కాబట్టి అసలు తీసేయడమే నయం. వార్మప్ బంతితోనే 10 నిమిషాలు చాలు. మిగిలిన సమయం 4–4 (జట్టుకు నలుగురు) ఆటకివ్వండి.

సెషన్ ఎంత భారమైందో పిల్లలను 0–10 స్కేలు మీద అడిగి, ఆ అంకెను సెషన్ నిమిషాలతో గుణించండి: 6 అంటే 6 × 60 = 360. అయిన వెంటనే అడిగితే చివరి ఆట ప్రభావం అంకెలో పడుతుంది. సుమారు అరగంట ఆగి అడగాలి.

జవాబు 3: వైవాలో "ఎందుకు" అనే అడుగుతారు. ఒకే పాస్‌ను వరుసగా చేయిస్తే అప్పటికి చక్కగా కనిపిస్తుంది, నాలుగు రోజులకు నిలవదు. కలగాపులగంగా చేయిస్తే తడబడతారు గానీ గుర్తుంటుంది. దీనికి షే, మోర్గాన్ అనే పరిశోధకుల 1979 ప్రయోగం చెప్పండి. అది ల్యాబ్‌లో చేతి కదలికల మీద చేసిందని కూడా చెప్పండి, మైదానంలో ఫలితం అంత స్పష్టంగా రాదు. ప్రతి పాస్‌కూ వ్యాఖ్యానం వద్దు, పిల్లలు మీ నోటి మీదే ఆధారపడతారు. ఆట ఆపితే 20 సెకన్లలో ఒకే మాట చెప్పి వదిలేయండి, "అందుకోకముందే భుజం మీదుగా చూడు" లాంటిది.

ప్రశ్న వేసినవారు: థాంక్సండీ. ఆ రోజు 16 మంది రాకపోతే?

జవాబు 1: 14 మందైతే చదరాల్లో 5, 5, 4. ఆటకు ఒక పక్క 4–4, ఇంకో పక్క 3–3. 15 మందైతే మిగిలిన ఒక్కరికి వేరే రంగు బిబ్ (చొక్కా మీద వేసుకునే బనీను) ఇచ్చి 3–3లోకి పంపండి, బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ల జట్టు.