పెంచిన కుక్క పోయిన ఇంటికి కొత్త పిల్లను ఎప్పుడు తేవాలి?

వేపమాను, అనంతపురం

అందరికీ నమస్కారం. మా రాజా (నాటు కుక్క, తొమ్మిదేళ్ళు) ఈ ఎండాకాలం గోమార్ల (పిడుదుల) జ్వరంతో పోయాడు. రక్తపరీక్షలో ఎర్లీషియా (గోమార్లు కరిచి ఎక్కించే క్రిమి) అని తేలింది, అప్పటికే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఇంట్లో ఇంకో కుక్క ఉంది, సిరి, ఏడేళ్ళు. అది సరిగా తినడం లేదు, రాజా పడుకునే మూలకే పోయి పడుకుంటోంది. పిల్లలేమో ఇప్పుడే కుక్కపిల్లను తెమ్మంటున్నారు, సిరికీ తోడవుతుందంటున్నారు. మా అత్తగారు ఏడాది తిరిగేదాకా వద్దంటున్నారు. పాత ఇల్లు, కడప బండల నేల, వెనక మట్టి పెరడు. తెలిసినవాళ్ళు కారణాలతో చెప్పండి.

సీమనాటు, కర్నూలు

తెచ్చేయండక్కా. ఏడాది అనేది మనుషుల సంవత్సరీకం లెక్క, కుక్కకు దాన్ని పట్టుకొచ్చి పెడితే ఎట్ల? పిల్లోల్లు బెంగ పడతాండారు, ఉన్న కుక్క మూల పట్టింది. ఇంట్లో చిన్న ప్రాణం తిరగతా ఉంటే అందరికీ మేలు. ఒక్కటే మాట. హస్కీ, పగ్ అని దుకాణాల చుట్టూ తిరగొద్దు. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే ఊర్లు మనవి. హస్కీకి ఒంటి నిండా మంచుదేశపు బొచ్చు, పగ్‌కు ముక్కే లేదు. కుక్క ఒళ్ళు చల్లబడేదే రొప్పడంతో. ముక్కు చప్పిడిగా ఉంటే గాలి ఆడక ఎండదెబ్బకు ముందు పోయేది అదే. నాటు పిల్లను తెచ్చుకోండి.

మూగజీవి, ప్రొద్దుటూరు

కొత్త పిల్ల మాట తర్వాత. ముందు సిరికి జ్వరం చూడండమ్మా, ఈరోజే.

తోటి కుక్క పోయాక మిగిలిన కుక్క తిండి తగ్గించడం, మూల పట్టడం నిజమే. కానీ గోమార్ల జ్వరం మొదటి లక్షణాలూ అచ్చం అవే. ఒకే ఇంట్లో, ఒకే గోమార్ల మధ్య ఉన్న రెండో కుక్కకు ఆ జబ్బు ఉండే అవకాశం చాలా ఎక్కువ. దిగులులే అనుకుని వారం గడిపేస్తే చేయి దాటిపోతుంది. మామూలు డిజిటల్ థర్మామీటర్ కొనకు వాజెలిన్ రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూడండి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే. 103 దాటితే జ్వరం. పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. పాలిపోయినా, పొట్ట చర్మం మీద గానీ చిగుళ్ళ మీద గానీ ఎర్రటి చుక్కలు కనిపించినా ఆగొద్దు. జ్వరం లేకపోయినా రక్తంలో ప్లేట్‌లెట్లు లెక్క పెట్టించండి. ఎర్లీషియా కొన్ని కుక్కల్లో నెలల తరబడి బయటపడకుండా నక్కి ఉంటుంది.

మనుషుల మాత్రలు మాత్రం వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో రక్తస్రావం తెస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు ఆ రక్తం ఆగదు.

ఇక పిల్ల సంగతి. ఏడాది ఆగాలని నేననను, ఇప్పుడే తెమ్మనీ అనను. రాజాను చంపిన గోమార్లు ఇంకా మీ ఇంట్లోనే ఉన్నాయి. కుక్కల మీద కనిపించే గోధుమరంగు గోమారి పుట్టిన దగ్గర్నుంచి పెద్దయ్యేదాకా మూడుసార్లు కుక్కనెక్కి మూడుసార్లు దిగుతుంది. దిగిన ప్రతిసారీ గోడ పగుళ్ళలో, బండల సందుల్లో, ద్వారబంధం వెనక దాక్కుంటుంది. ఒక్క ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. జబ్బు కుక్క రక్తం తాగి దిగింది ఎర్లీషియాను అయిదు నెలల దాకా ఒంట్లో మోస్తూ ఇంకో కుక్కకు ఎక్కించగలదు. టీకాలు కూడా పూర్తికాని పిల్లను ఆ ఇంట్లో దించడం సరికాదు.

సీమనాటు, కర్నూలు

సార్, గోమార్లు లేని ఇల్లు కావాలంటే సీమలో ఎవురూ కుక్కను సాకలేరు. వీపు మీద మందు చుక్కలు వేస్తే సరిపోదా? లేకుంటే మాత్ర ఉండనే ఉంది గదా?

మూగజీవి, ప్రొద్దుటూరు

మందు వేయాల్సిందే, కానీ అదొక్కటే సరిపోదు. నోటి మాత్ర వేసిన కుక్కను కరిచాకే గోమారి చస్తుంది. ఎర్లీషియా అయితే గోమారి అంటుకున్న కొద్ది గంటల్లోనే రక్తంలోకి దిగగలదు. గోమార్లే ఎక్కించే ఇంకో క్రిమి బబేసియా దిగడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అక్కడ మాత్ర బాగా కాపాడుతుంది. పైగా ఆ మాత్రలు ఎనిమిది వారాలు నిండి, బరువు రెండు కిలోలు దాటిన పిల్లలకే. మూర్ఛ వచ్చే కుక్కలకు డాక్టరును అడగకుండా వేయకూడదు. అంతకన్నా చిన్న పిల్లలకైతే ఫిప్రోనిల్ స్ప్రే ఉంది. స్నానంలో కలిపే అమిట్రాజ్‌ను మూడు నాలుగు నెలల లోపు పిల్లలకు వాడొద్దు. కిరోసిన్ పూయడం ఇంకా కొన్ని ఊళ్ళలో చూస్తున్నాం. అది చర్మాన్ని కాలుస్తుంది, పిల్ల నాకితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఇంటికి చేయాల్సింది చెబుతాను. మీది కడప బండల నేల అన్నారు. పాత ఇళ్ళలో బండకూ బండకూ మధ్య సున్నం రాలిపోయి వేలుగోరు పట్టేంత సందు ఉంటుంది, గోమార్లకు అదే ఊరు. సందుల్లో మిగిలిన పాత సున్నం ఇనుప చువ్వతో గీకి, చీపురుతో ఊడ్చి, ముందు డెల్టామెత్రిన్ అనే పురుగుల మందు కొట్టండి. డబ్బా మీద రాసిన పాళ్ళలోనే కలపాలి. ఆరేదాకా కుక్కను గానీ పిల్లలను గానీ రానివ్వొద్దు, పిల్లి ఉంటే ఆరోజు ఇంట్లోనే ఉంచొద్దు, చేపల తొట్టి ఉంటే మూసి బయట పెట్టండి. ఆరాక ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు సన్న ఇసుకతో సందులు పూడ్చండి. ద్వారబంధం అంచులు, కరెంటు బోర్డు వెనక, గోడకు తగిలించిన క్యాలెండర్ల వెనక కూడా చూడండి. ఈ గోమారి పైకి ఎక్కుతుంది, కింద వెతికి ఊరుకుంటే దొరకదు. కరెంటు బోర్డు దగ్గర నీళ్ళ మందు కొట్టకండి, పొడిగుడ్డతో తుడిచి తీయండి. రాజా పడుకున్న గోనెపట్టాలు కాల్చేయండి.

మందు గుడ్లను చంపదు. వాటిలోంచి పిల్లలు రెండు నుంచి అయిదు వారాల్లో బయటికొస్తాయి. ఒక్కసారి కొట్టి ఊరుకున్నవాళ్ళు నెల తర్వాత మందు పనిచేయలేదంటారు, కారణం ఇదే. రెండు వారాలకోసారి, కనీసం నాలుగుసార్లు కొట్టాలి. చాలామంది పెరట్లో గడ్డంతా పీకి పని అయిపోయిందనుకుంటారు. ఈ జాతి గోమారికి గడ్డి కన్నా కుక్క పడుకునే గోడవారే ఇష్టం.

ఇల్లు బాగుపడిందా లేదా అన్నది సిరి ఒంటి మీదే తెలుస్తుంది. రోజూ సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య, మెడపట్టీ కింద వేళ్ళతో తడమండి. దొరికినదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నేరుగా లాగి సబ్బునీళ్ళలో వేయండి. గోటితో నలపొద్దు. వరసగా రెండు నెలలు ఒక్కటీ దొరక్కపోతే అప్పుడు పిల్ల మాట ఎత్తండి.

పులివెందుల శిక్షణ

సిరికి తోడవుతుందన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఏడేళ్ళ కుక్కకు ఎనిమిది వారాల పిల్ల తోడు కాదు, పని. సూదిపళ్ళతో చెవులు, తోక లాగుతుంది, నిద్రపోనివ్వదు. ఒంట్లో బాగున్న పెద్ద కుక్క గుర్రుమని హద్దు చెబుతుంది, పిల్ల నేర్చుకుంటుంది. ఒంట్లో బాగాలేనిది ఓపిక నశించి కరుస్తుంది. సిరి కోలుకుని తన తిండి తాను తినేదాకా ఆగండి.

తెచ్చినరోజు నేరుగా ఇంట్లోకి తీసుకుపోకండి. సిరిది కాని చోట, వీధి చివరనో ఖాళీ స్థలంలోనో సిరికి తాడు వేసి, పిల్లను చేతుల్లో పెట్టుకుని కలపండి. టీకాలు పూర్తికాని పిల్లను వీధి మట్టిలో దించొద్దు. ఇంట్లో గిన్నెలు వేరు, పెట్టే గదులు వేరు. మొదటి రెండు వారాలు ఎవరూ చూడకుండా రెంటినీ ఒక్కచోట వదలొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, రాజా పడుకున్న మూల పిల్లకు ఇవ్వొద్దు. ఆ చోటు సిరి పట్టుకుంది, దాన్నే ఉండనివ్వండి.

నేల గురించి ఇంకో మాట. నునుపు చేసిన నల్లబండ మీద పిల్ల నిలబడితే వెనక కాళ్ళు పక్కలకు జారిపోతుంటాయి. ఎదిగే తుంటికి అది మంచిది కాదు. పిల్ల తిరిగే దారంతా గోనెపట్టా గానీ రబ్బరు చాప గానీ పరవండి.

ఆదోని ఆశ్రయం

పిల్లే ఎందుకు? ఏడాది, రెండేళ్ళ కుక్కను తెచ్చుకోమంటాను. టీకాలు పడి ఉంటాయి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి ఉంటుంది, గుణం ముందే తెలుస్తుంది, సిరిని పీక్కుతినదు. పిల్లకైతే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా. అక్కడి నుంచి మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తూనే ఉండాలి. మూడు నెలలకు రేబిస్ టీకా. రెండో వారం నుంచి మూడు నెలల దాకా పదిహేను రోజులకోసారి నులిపురుగుల మందు. ఇవన్నీ జరిగేది మీ ఇల్లు ఇంకా బాగుపడుతున్న నెలల్లోనే.

మీ ఇంటి పిల్లల సంగతి వేరేగా చెప్పాలి. వాళ్ళు అడుగుతున్నది రాజాను. కొత్తది రాజాలా ఉండకపోతే ఒకటి రెండు నెలల్లో దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. ఆ పేరే మళ్ళీ పెట్టకండి. రాజాను పూడ్చిన చోట మొక్క నాటనివ్వండి, సిరి ఒళ్ళు తడిమే పని వాళ్ళకు అప్పగించండి. మీ అత్తగారు ఆగమనడంలో తప్పులేదు, అది ఆమె దుఃఖం. గడువు ఏడాదే కావాలా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

సీమనాటు, కర్నూలు

అక్కా, రెండేళ్ళ వీధి కుక్కను తెచ్చి కాంపౌండులో పెడితే గోడ దూకి దాని వీధికి అది పోతాది. దాని మంద యాడ ఉంటే ఆడికే. ఇంటికి అలవాటు పడాలంటే పసి వయసులోనే రావాల.

గోమార్ల మాట మాత్రం సార్ చెప్పింది ఒప్పుకుంటా. ఇప్పుడే అనే మాట వెనక్కి తీసుకుంటా. అయితే నెలల లెక్క వేసుకోండి. నాటు కుక్కలు కట్టేది ఎక్కువగా చిత్త కార్తెలో, అక్టోబరు మధ్యలో. అరవై మూడు రోజులకు ఈనుతాయి, అంటే డిసెంబరు నడుమ. ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉంచితే ఫిబ్రవరి నడుమ, శివరాత్రి పొద్దుకు పిల్ల చేతికొస్తాది. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనల్లోనే ఉండాది, ఊరికే ఇచ్చేవాళ్ళు కూడా అది పాటించాల. అప్పటికి ఇల్లూ శుభ్రం, సిరీ కోలుకుంటాది, ఎండ ఇంకా ముదరదు.

కోడుమూరు రైతు

మా ఇంట్లో కుక్కపిల్ల పార్వోతో (వాంతులు, విరేచనాల వైరస్ జబ్బు) పోయింది, గోమార్లతో కాదు. మాకూ ఇదే లెక్కా?

మూగజీవి, ప్రొద్దుటూరు

కాదండీ. పార్వో క్రిమి నీడపట్టున, మట్టిలో ఏడాది దాకా బతుకుతుంది. ఫినాయిలు, డెట్టాల్ దాన్ని నమ్మకంగా చంపవు. గట్టి నేలను ముందు సబ్బుతో కడిగి మలం, వాంతి మరకలు పూర్తిగా తీసేసి, ఆ తర్వాత ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై పాళ్ళ నీళ్ళు కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచండి. మురికి మీద పోస్తే బ్లీచు అక్కడే విరిగిపోతుంది. మట్టి పెరటిని శుద్ధి చేయలేరు. అందుకని మీకు ఏడాది లోపు పసిపిల్ల వద్దు, టీకాలన్నీ పూర్తయిన పెద్దదే తెచ్చుకోండి. మీ విషయంలో ఆదోని అక్క మాటే సరి.

వేపమాను, అనంతపురం

సిరికి 103.6 ఉంది. పొద్దున్నే రక్తం ఇచ్చాం, ప్లేట్‌లెట్లు తక్కువే. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. పెరుగన్నంలో కలిపి పెట్టొచ్చా?

మూగజీవి, ప్రొద్దుటూరు

సకాలంలో చూపించారు. పెరుగు, పాలు వద్దు, వాటిలోని కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. ఉడికించిన కోడిమాంసం ముక్కలో పెట్టి వేయండి, వెంటనే నీళ్ళు తాగించండి. ఒట్టి కడుపున మాత్ర గొంతులో ఇరుక్కుంటే అక్కడే పుండు పడుతుంది. మోతాదు కిలో బరువుకు రోజుకు పది మిల్లీగ్రాములు, ఇరవై ఎనిమిది రోజులు. సాధారణంగా మూడు నాలుగు రోజుల్లోనే లేచి తింటుంది, చాలామంది అక్కడే మాత్రలు ఆపేస్తారు. ఆపితే జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది. మాత్రలు అయిపోయాక ఇంకోసారి ప్లేట్‌లెట్లు చూపించండి.

బుడ్డల (వేరుశనగ) చెక్క గానీ మొక్కజొన్న రవ్వ గానీ పెట్టే అలవాటుంటే బూజు వాసన చూడండి. బూజులోని అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడికించినా పోదు. కోలుకునే కుక్కకు ఒట్టి రాగిసంగటి చాలదు, రోజూ ఒక ఉడికించిన గుడ్డు కలపండి.

ఆదోని ఆశ్రయం

సీమనాటు తమ్ముడికి ఒక మాట. వీధి కుక్క గోడ దూకేది మొదటి రోజే ఇంటి చుట్టూ వదిలేస్తే. రెండు మూడు వారాలు పొడవు తాడు మీదే తిప్పి, వేళకు నాలుగుసార్లు ఇంటి గిన్నెలోనే పెడితే నిలుస్తుంది. ఆపరేషన్ అయినదైతే తిరుగుడు ఇంకా తక్కువ.

సీమనాటు, కర్నూలు

నిలిచేటివీ ఉంటాయక్కా, కాదనను. నా ఓటు మాత్రం శివరాత్రి పిల్లకే. వేపమాను అక్కా, అక్టోబరులో మీ వీధి ఆడకుక్కలను గమనించి పెట్టుకోండి. తల్లి మనుషుల దగ్గరికి వచ్చేదిగా, బెదరనిదిగా ఉండాల. రంగు చూసి ఎంచొద్దు. సిరి మాత్రలు అయిపోయినాక ప్లేట్‌లెట్లు ఎంతకు వచ్చినాయో ఇక్కడ రాయండి.