బాస్ గిటార్ బ్రిడ్జికి పట్టిన తుప్పు ఎలా వదిలించాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా బాబాయి వాయించిన నాలుగు తీగల ఎలక్ట్రిక్ బాస్ గిటార్ ఇప్పుడు నా దగ్గరుంది. చెక్క, నెక్ బాగున్నాయి గానీ ఇనుప సామాన్లకు తుప్పు పట్టింది. నవంబరు, డిసెంబరు వానల్లో ఇక్కడి తేమ సంగతి తెలిసిందే కదా.

ట్యూనింగ్ కీల మీద తుప్పు పైపైనే ఉంది, పొడి గుడ్డతో చాలావరకు పోయింది. టెన్షనంతా బ్రిడ్జితోనే, అంటే తీగల కింది కొసలను పట్టి ఉంచే లోహపు భాగంతోనే. దాని మీద తీగలు ఆనే శాడిళ్ల ఎత్తు సరిచేసే మరల్లో రెండు బిగుసుకుపోయాయి. ఆలెన్ కీ (ఆరు పలకల తాళం) దూరే గుంట నిండా ఎర్రటి పొడి. బలంగా తిప్పితే లోపలి అంచులు అరిగిపోయి ఇక ఎప్పటికీ రావని భయం. బిగుసుకున్న మరలను వదులుచేసే డబ్ల్యూడీ-40 స్ప్రే వేసి రాత్రంతా ఉంచితే వదులవుతాయా, లేక సోల్డరింగ్ ఐరన్‌తో మరను కాస్త వేడి చేయాలా?

వెనిగర్‌లో నానబెట్టమని ఒకాయన చెప్పారు. మరలకైతే సరే, క్రోమ్ పూత ఉన్న ప్లేటుకు ఆ పులుపు పడుతుందా? స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు)తో రుద్దితే రాలే పొడిని పికప్‌ల (తీగల కదలికను పట్టే భాగాల) అయస్కాంతాలు లాగేసుకుంటాయి కాబట్టి ఏం చేసినా బ్రిడ్జి విప్పాకే చేస్తాను. దాని కింద ఎర్త్ వైరు ఉంటుందని తెలుసు.

కొత్త బ్రిడ్జి కొనడం నాకిష్టం లేదు, ఉన్నదాన్నే కాపాడుకోవాలి. పూత లేచి గుంటలు పడ్డచోట మళ్లీ తుప్పు రాకుండా ఏం రాయాలి? అలాంటి చిన్న మరలు తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.