సైట్ ఇంజినీర్‌ని, పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్ సర్టిఫికెట్ పరీక్ష) రాయొచ్చా? రాస్తే ఏది చదవాలి, ఎలా చదవాలి?

గోదారి సైట్:
అందరికీ నమస్కారం. నేను సివిల్ బీటెక్. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టర్ల దగ్గర పని చేస్తున్నాను. మొదట రాజమండ్రి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు, తర్వాత కాకినాడలో గోడౌన్లు, ఒక కోల్డ్ స్టోరేజీ. గల్ఫ్ ఉద్యోగాల ప్రకటనలు చూస్తుంటే పీఎంపీ ఉన్నవాళ్లకు ప్రాధాన్యం అని చాలా చోట్ల కనిపిస్తోంది. ఈ 2024 డిసెంబరు లోపు రాసేయాలని ఉంది.

నా కార్డు మీద ఎప్పుడూ ప్రాజెక్ట్ మేనేజర్ అని లేదు. సైట్ ఇంజినీర్, ఆ తర్వాత సీనియర్ సైట్ ఇంజినీర్, అంతే. అర్హత ఉంటుందా? పాత కంపెనీ మూతపడింది, అప్పటి మేనేజర్ గారు మస్కట్ వెళ్లిపోయారు. అప్లికేషన్‌లో రాసింది నిజమేనా అని ఆడిట్ వస్తే ఎవరిని పట్టుకోవాలి? ఫ్రెండ్ ఒకడు పీఎంబాక్ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ గైడ్ పుస్తకం) ఆరో ఎడిషన్ ఇచ్చాడు, దిండులా ఉంది. ఆ తర్వాత ఏడోది వచ్చింది, అది చదవాలి అంటున్నారు. ఎజైల్ అంటే నాకు అక్షరం ముక్క తెలీదు. పొద్దున ఏడింటికి సైట్‌కి పోతే రాత్రి ఎనిమిదికి ఇల్లు. దయచేసి చెప్పండి.

దోహా ఇసుక:
తమ్ముడూ, నేనూ సైట్ నుంచి వచ్చినవాణ్ణే. హోదా గురించి దిగులు పెట్టుకోకు. కార్డు మీద ఏముందో పరీక్ష పెట్టే పీఎమ్‌ఐ సంస్థవాళ్లకు అక్కర్లేదు, ప్రాజెక్టును నువ్వు నడిపించావా లేదా అన్నదే చూస్తారు. 2024 నిబంధనల్లో నాలుగేళ్ల డిగ్రీ ఉంటే గత 8 ఏళ్లలో 36 నెలల అనుభవం కావాలి. డిప్లొమా అయితే 60 నెలలు. దాంతోపాటు 35 గంటల శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్. ఆన్‌లైన్ కోర్సుదైనా పనికొస్తుంది, కోర్సు వివరాల్లో ఆ 35 గంటల మాట ఉందో లేదో చూసి కొను. నీ తొమ్మిదేళ్లలో మొదటి ఏడాది లెక్కలోకి రాదు. ఒకే టైములో రెండు సైట్లు చూసుకున్నా ఆ నెలలు ఒక్కసారే లెక్క.

అప్లికేషన్‌లో అసలు చిక్కు ప్రాజెక్టు గురించి రాయడం దగ్గరే. నేను మొదట ఇలా రాసుకున్నాను: “స్లాబ్ పనులు పర్యవేక్షించాను, సిమెంటు, కంకర లెక్క చూశాను.” చదివితే సూపర్‌వైజర్ పనిలా ఉంది. ఇక్కడ నాతో పనిచేసే ఒక కేరళ సీనియర్ చూసి, ఇలా కాదని కూర్చోబెట్టి మార్పించాడు. చివరికి ఇలా తేలింది: “ముగ్గురు సబ్ కాంట్రాక్టర్ల పనులకు వరుస నిర్ణయించి షెడ్యూల్ తయారు చేశాను. వర్షాకాలాన్ని రిస్క్‌గా గుర్తించి పునాది పనిని ముందుకు జరిపాను. యజమాని కోరిన మార్పుల ఖర్చు లెక్కగట్టి, అనుమతి వచ్చాకే చేయించాను.” ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చేసిన పనినే వాళ్ల భాషలో చెప్పడం. ప్రాజెక్టు లక్ష్యం ఏంటి, నీ బాధ్యత ఏంటి, చివరికి ఏమైంది, ఈ మూడూ ప్రతి ప్రాజెక్టుకీ ఉండాలి.

ఆడిట్ లాటరీ లాంటిది, ఎవరికైనా తగలొచ్చు. తగిలితే 90 రోజుల టైమ్ ఇస్తారు. డిగ్రీ కాపీ, 35 గంటల సర్టిఫికెట్, ఆ ప్రాజెక్టు గురించి తెలిసిన మేనేజర్ ధ్రువీకరణ. కంపెనీ మూతపడినా మనిషి ఉన్నాడు కదా, ఆయన మస్కట్‌లో ఉన్నా ఫర్వాలేదు. అయితే అప్లై చేశాక కాదు, ముందే ఫోన్ చెయ్యి. నువ్వు రాసిన తేదీలు, ప్రాజెక్టు వివరాలు ఆయనకు పంపు. నువ్వు 2017 మార్చి అని రాసి, ఆయన జూన్ అంటే తలనొప్పి.

స్ప్రింట్ అక్క:
దోహా అన్నయ్య చెప్పనిది ఒకటుంది. పేరు! మన తెలుగువాళ్లకు ఇదే పెద్ద తంటా. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, ఇంకో కార్డులో ఇంటిపేరు చివర. పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డులో ఎలా ఉందో పీఎమ్‌ఐ అకౌంట్‌లోనూ అలాగే ఉండాలి. పాస్‌పోర్టు ఉంటే దాన్ని ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి నింపు. మా టీమ్‌లో ఒకబ్బాయి పరీక్షకు రెండు రోజుల ముందు ఇది గమనించి సపోర్టు వాళ్ల చుట్టూ తిరిగాడు. చదువుకోవాల్సిన టైమ్ కాస్తా దానికే పోయింది.

ఇక పుస్తకం సంగతి. 2017లో వచ్చిన ఆరో ఎడిషన్‌లో 49 ప్రాసెస్‌లు, 10 నాలెడ్జ్ ఏరియాలు. 2021లో వచ్చిన ఏడోది చిన్నది, 12 సూత్రాలు, 8 పెర్ఫార్మెన్స్ డొమైన్లు. ఏది చదవాలి అంటే నా సమాధానం, రెండూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవొద్దు. పరీక్షకు సిలబస్ ఆ పుస్తకాలు కావు. ఎగ్జామ్ కంటెంట్ అవుట్‌లైన్ అని పీఎమ్‌ఐ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అదే సిలబస్. 2021 జనవరిలో వచ్చిన అవుట్‌లైన్ ప్రకారం మూడు డొమైన్లు (విభాగాలు): పీపుల్ 42 శాతం, ప్రాసెస్ 50, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ 8. అందులో ప్రశ్నల్లో దాదాపు సగం ఎజైల్, హైబ్రిడ్ (ఎజైల్, పాత పద్ధతి కలిపినవి) పద్ధతుల మీదే. అవుట్‌లైన్ అప్పుడప్పుడు మారుతుంది కాబట్టి డేట్ బుక్ చేసే ముందు ఏది అమల్లో ఉందో చూసుకో. ఆ దిండుని పారేయకు, షెడ్యూల్, కాస్ట్, రిస్క్ అధ్యాయాలు సివిల్ వాళ్లకు బాగుంటాయి.

ఎజైల్ అంటే భయపడకు, పని కొద్దికొద్దిగా చేసి చూపిస్తూ, మార్చుకుంటూ పోవడమే. నువ్వు చేసిన పనిలోనే ఉంది. ఇంటీరియర్ పని చేయించుకునే కస్టమర్‌ని గుర్తు తెచ్చుకో. ఏం కావాలో ఆయనకే తెలీదు. అన్ని గదులకూ ముందే డ్రాయింగ్ గీసి సంతకం తీసుకుంటే చివర్లో గొడవే. అందుకే ఒక గది పూర్తి చేసి చూపిస్తాం, ఆయన ఇది బాలేదు అంటాడు, ఆ మాట పట్టుకుని రెండో గది చేస్తాం. ఆ ఒక్కో గదీ ఒక స్ప్రింట్ అనుకో. ముందు ఏ గది చేయాలో చెప్పే మనిషి ప్రోడక్ట్ ఓనర్.

పొద్దున్నే నువ్వు మేస్త్రీలతో నిలబడి మాట్లాడతావు కదా, ఎజైల్ టీమ్‌ రోజూ పెట్టుకునే చిన్న సమావేశం, డెయిలీ స్టాండప్, చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ తేడా అక్కడే. నీ దగ్గర మేస్త్రీలు నీకు చెబుతారు, నువ్వు పని పంచుతావు. స్టాండప్‌లో టీమ్‌వాళ్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటారు, పని వాళ్లే పంచుకుంటారు, నువ్వు అడ్డంకులు తీసేవాడివి మాత్రమే. ఈ ఒక్క ముక్క తలకెక్కితే ఎజైల్ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దానంతటదే కనిపిస్తుంది.

రెండోసారి గట్టెక్కా:
నా పేరులోనే నా కథ ఉంది. మొదటిసారి తప్పాను. పన్నెండేళ్ల అనుభవం, ఫార్మా ప్లాంట్లలో పనిచేశాను, నాకేంటి అనుకున్నా. 49 ప్రాసెస్‌ల ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు ఇంటర్‌లో కెమిస్ట్రీ బట్టీ పట్టినట్టు పట్టాను. ఒక కోచింగ్ సెంటర్‌వాళ్లు “అసలు ప్రశ్నలు” అని ఏవో ఫైళ్లు కూడా అంటగట్టారు. అందులో తప్పుడు జవాబులే ఎక్కువ. పైగా అలాంటివి వాడటం పీఎమ్‌ఐ నిబంధనలకు విరుద్ధం. దయచేసి ఎవరూ ఆ జోలికి పోకండి.

పరీక్షలో బట్టీకి పని పడలేదు. అన్నీ సందర్భాలే. నేను ప్రతిదానికీ మా ప్లాంట్‌లో ఏం చేస్తామో అదే టిక్ పెట్టుకుంటూ పోయాను. అదే దెబ్బతీసింది. వాళ్లడిగేది మన కంపెనీలో ఏం చేస్తారని కాదు, పద్ధతి తెలిసిన మేనేజర్ ఏం చేస్తాడని. అనుభవం ఎక్కువున్నవాళ్లకే ఇది కష్టం అని నా అభిప్రాయం. తమ్ముడూ, నీ కోసం ఒక ప్రశ్న తయారు చేశాను, జవాబు చెప్పు.

గోడౌన్ పని సగంలో ఉంది. యజమాని బావమరిది సైట్‌కొచ్చి షట్టర్ వెడల్పు రెండడుగులు పెంచమన్నాడు, ఎంతైనా డబ్బు మేమే ఇస్తాం అన్నాడు. ప్రాజెక్ట్ మేనేజర్ మొదట ఏం చేయాలి? అ) మేస్త్రీకి చెప్పి పెంచేయించాలి. ఆ) కుదరదని చెప్పేయాలి. ఇ) విషయం పైవాళ్లకు చెప్పి వాళ్ల నిర్ణయం కోసం ఆగాలి. ఈ) ఆ మార్పు వల్ల డిజైన్, ఖర్చు, గడువు మీద ఏం పడుతుందో చూడాలి.

గోదారి సైట్:
అన్నయ్యా, మా దగ్గరైతే “అ” చేసేసి ఓనర్‌కి ఫోన్ చేసి చెబుతాం 😀 పరీక్ష కాబట్టి “ఇ” అంటాను.

రెండోసారి గట్టెక్కా:
నేనూ మొదటిసారి ఇలాంటివన్నీ “ఇ” పెట్టినవాణ్ణే. సార్‌కి చెప్పేస్తే మన తలకాయ నొప్పి పోతుంది, అది మనకు అలవాటు. కానీ ఏం తెలుసుకోకుండా పైకి తోసేస్తే ఇక మేనేజర్ ఎందుకు? జవాబు “ఈ”. రెండడుగులు పెరిగితే లింటెల్ మారాలి, దాని ఇనుము మారాలి, షట్టర్ ఆర్డర్ ఇచ్చేశారేమో చూడాలి. అది తెలిశాక చేంజ్ రిక్వెస్ట్, దాన్ని చేంజ్ కంట్రోల్ బోర్డు (మార్పులకు అనుమతిచ్చే బృందం) ఒప్పుకోవడం, ఆ తర్వాత ప్లాన్ మార్చడం, ఆ తర్వాతే మేస్త్రీ. డబ్బు ఇస్తామన్నారన్న మాట ఎర, పట్టించుకోకు.

ప్రశ్నలో “మొదట” అని ఉందా, “తర్వాత” అని ఉందా చూడు. చాలాసార్లు ఒకటికి మించిన ఆప్షన్లు ఎప్పుడో ఒకప్పుడు చేయాల్సినవే అయి ఉంటాయి, వరుస ఏంటన్నదే పరీక్ష. పరీక్ష తెలుగులో లేదు కాబట్టి ఇంగ్లిష్ నిదానంగా చదివేవాళ్లు ముందు చివరి వాక్యం చదివి, తర్వాత పైకి వెళ్లండి. నాకు ఇది బాగా కలిసొచ్చింది.

ప్రాక్టీసుకు పీఎమ్‌ఐ వాళ్లదే స్టడీ హాల్ అనే ఆన్‌లైన్ ప్రశ్నల సెట్ తీసుకున్నాను. అందులో “ఎక్స్‌పర్ట్” అని గుర్తు పెట్టినవి కొన్ని చదివితే ఏడుపొస్తుంది. వాటి గురించి బెంగ వద్దు. నాకు మాక్‌ల్లో 70 శాతం అటూ ఇటూ వచ్చింది, అసలు పరీక్షలో మూడు డొమైన్లలో రెండింట్లో అబవ్ టార్గెట్ (అన్నిటికన్నా పై గ్రేడు), ఒకదాంట్లో టార్గెట్. తప్పయిన ప్రతి ప్రశ్నకూ ఎందుకు తప్పయిందో ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. రెండు నెలల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది అదే.

గోదారి సైట్:
లెక్కలు ఎక్కువ వస్తాయా? ఈవీ, పీవీ అంటుంటే కళ్లు తిరుగుతున్నాయి.

దోహా ఇసుక:
తక్కువే వస్తాయి, వచ్చినా స్క్రీన్ మీద కాలిక్యులేటర్ ఉంటుంది. ఒకసారి గోడ కట్టి చూపిస్తా, మర్చిపోవు. 100 మీటర్ల కాంపౌండ్ వాల్, 10 వారాలు, 10 లక్షలు. అంటే మీటరుకు 10 వేలు, వారానికి 10 మీటర్లు. ఐదో వారం చివర వెళ్లి చూశావు. 50 మీటర్లు లేవాల్సింది, కాబట్టి పీవీ 5 లక్షలు. లేచింది 40 మీటర్లే, కాబట్టి ఈవీ 4 లక్షలు. కానీ ఖర్చు 5 లక్షలు అయిపోయింది, అది ఏసీ.

సీపీఐ అంటే ఈవీని ఏసీతో భాగించాలి, 0.8. ఎస్పీఐకి ఈవీని పీవీతో భాగించాలి, అదీ 0.8. రెండూ ఒకటి కన్నా తక్కువ, అంటే ఖర్చు మీరింది, పని వెనకబడింది. ఇదే తీరున సాగితే మొత్తం ఎంతవుతుంది? 10 లక్షల్ని 0.8తో భాగించు, పన్నెండున్నర లక్షలు. సీపీఐ, ఎస్పీఐ రెండింట్లోనూ ఈవీ ముందు వస్తుందని గుర్తుపెట్టుకుంటే చాలు. పరీక్షలో లెక్క కన్నా “సీపీఐ 0.8, ఎస్పీఐ 1.1 ఉంది, పరిస్థితి ఏంటి” అన్న తరహా ఎక్కువ. పని ముందుంది, జేబు ఖాళీ అవుతోంది.

స్ప్రింట్ అక్క:
టైమ్ గురించి కూడా చెప్పేస్తాను. 2021లో వచ్చిన లెక్క ప్రకారం 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. 60 తర్వాత ఒకటి, 120 తర్వాత ఒకటి, పది నిమిషాల బ్రేకులు. బ్రేక్‌కి వెళ్లాక అంతకుముందు ప్రశ్నలకు వెనక్కి రాలేం. మొదటి బ్రేక్‌కి గడియారంలో 153 నిమిషాలు, రెండోదానికి 76 మిగిలి ఉండాలి. ఈ రెండు అంకెలు మాత్రం బట్టీ పట్టొచ్చు.

ఇంట్లో రాస్తావా, సెంటర్‌లోనా? నేను ఇంట్లో రాశాను, మళ్లీ రాయమంటే రాయను. టేబుల్ మీద ఏమీ ఉండకూడదు, తెల్ల కాగితం కూడా వద్దు, రఫ్ పని స్క్రీన్ మీద బోర్డులోనే. గదిలోకి ఎవరూ రాకూడదు. మా అత్తయ్య గారికి నాలుగుసార్లు చెప్పాను, అయినా కాఫీ టైముకి తలుపు దగ్గర గాజుల చప్పుడు. గుండె ఆగింది. నాకు ప్రశ్న పైకి చదివే అలవాటు, పెదాలు కదులుతున్నాయని వార్నింగ్ కూడా వచ్చింది. కరెంటు, నెట్ టెన్షన్ వేరే. కుదిరితే పియర్సన్ వ్యూ వాళ్ల పరీక్ష సెంటర్ చూసుకో.

నీ డ్యూటీకి రోజూ గంటన్నర, ఆదివారం నాలుగు గంటలు అనుకుంటే మూడు నెలలు పెట్టుకో. మొదటి నెలలో ఆ 35 గంటల కోర్సు అయిపోవాలి, మిగతా రెండూ ప్రశ్నలే. అప్లికేషన్ ఆమోదం పొందిన రోజు నుంచి ఏడాది గడువు, అందులో మూడుసార్లు రాయొచ్చు. హైదరాబాద్‌లో పీఎమ్‌ఐ పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది, అక్కడ చదువుకునేవాళ్లు తగులుతారు. పాసయ్యాక మూడేళ్లకోసారి 60 పీడీయూలు (నేర్చుకున్నందుకు వచ్చే పాయింట్లు) కూడబెట్టి రెన్యువల్ చేసుకోవాలి, ఆ గోల తర్వాత.

గోదారి సైట్:
మూడు వారాల తర్వాత వచ్చాను. అప్లై చేశాను, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపాను అక్కా. ఆడిట్ తగిలింది 😀 దోహా అన్నయ్య మాట విని ముందే ఫోన్ చేసి ఉండబట్టి సరిపోయింది. మస్కట్ సార్‌కి మెసేజ్ పెడితే గంటలో రిప్లై: “చేసేస్తాలేరా. రాజమండ్రి సైట్‌లో నా దగ్గర పట్టుకెళ్లిన టేపు ఎక్కడ?”

దోహా ఇసుక:
టేపు వెతుకు ముందు.