బ్రేకప్ అయ్యాక అదే ఏడుపు పాట లూప్‌లో వినడం మంచిదా?

నిద్రరాని_నాని:
ఏళ్ల తరబడి సాగిన ప్రేమ తెగిపోయింది, ఎందుకన్నది వదిలేయండి. అప్పట్నుంచి నేను వింటున్నది ఒక్కటే పాట, జార్జ్ జోన్స్ పాడిన ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’. అమెరికన్ కంట్రీ, అంటే అక్కడి పల్లె బాణీ పాట, 1980 నాటిది. చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానన్నవాడు, ఆమె వెళ్లిపోయినా అదే మాట మీద ఉండి చివరికి పోతాడు, వాడు ప్రేమించడం మానేసిన రోజు అదే. మంచం పక్కన 1962 నాటి ఉత్తరాలు, వాటిలో ప్రేమ మాట ఉన్న ప్రతిచోటా ఎర్ర గీత. అది వింటేనే కాస్త నిద్ర పడుతోంది. రూమ్మేట్ ఏమో పుండు మీద కారం చల్లుకుంటున్నావురా అని తిడుతున్నాడు. ఎవరు రైటు?

గచ్చిబౌలి_గాలి:
మీ రూమ్మేటే రైటు. ఏళ్లు గడిచినా గోడ మీద ఆమె ఫొటో తీయని మనిషిని గొప్పవాడిని చేసే పాట అది. మన దేవదాసుకే కౌబాయ్ టోపీ పెట్టారు, అంతే. ఒకసారి విని ఏడిస్తే సరే, రోజూ అదే అయితే ట్రైనింగ్ తీసుకుంటున్నట్టు లెక్క.

డాలస్_పిన్ని:
నానీ, పిన్ని వయసుదాన్ని కాబట్టి నువ్వనే అంటాను. మేం ఇక్కడికొచ్చిన కొత్తలో కారు రేడియోలో కంట్రీ స్టేషన్లు విని విని అలవాటైపోయింది, ఈ పాట నాకు కొట్టినపిండి. గాలిగారు ఒకటి గమనించలేదు, పాడేది ఆ ప్రేమికుడు కాదు, వాడి స్నేహితుడు! ఈరోజే చూడ్డానికి వెళ్లాను, కన్నీళ్లు లేవు, ఎన్నో ఏళ్ల తర్వాత వాడి మొహంలో నవ్వు చూశాను అంటాడు, అదీ శవాన్ని చూసి. ఆమె చివరిచూపుకి వచ్చిన చోట పాడడం కూడా ఆపేసి ఉత్త మాటల్లో చెప్తాడు. అంటే వినేవాళ్లం వాడి పక్కన నిలబడి చూస్తాం గానీ వాడిలో దూరిపోం, ఓదార్పు అక్కడే ఉంది. జోన్స్‌కి మొదట్లో ఈ పాట నచ్చనేలేదు, ఇంత చావు పాట ఎవరు కొంటారనుకున్నాడు. తీరా నంబర్ వన్ అయింది, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్లు 1980లో, మళ్లీ 1981లో కూడా దీన్నే ఆ ఏటి మేటి పాట అన్నారు. భార్య, గాయని టామీ వైనెట్‌తో విడాకులైన ఐదేళ్లకి పాడాడు మరి, ఆ గొంతులో ఉన్నది నటన అనిపించదు నాకైతే.

గచ్చిబౌలి_గాలి:
పిన్నిగారూ, మీరు స్నేహితుడి పక్కన నిలబడ్డారు, ఒప్పుకుంటా. నాని ఎక్కడ నిలబడ్డాడో చూడండి, కథ చెప్తూ స్నేహితుడి ఊసే ఎత్తలేదు, ఎర్ర గీతలు మాత్రం గుర్తున్నాయి. ఇంకో సంగతి, ఆ పాట జోన్స్ కెరీర్‌ని లేపింది గానీ తాగుడు మాన్పించలేదు, ఆ తర్వాతా కొన్నేళ్లు తాగి షోలు ఎగ్గొట్టాడు. పాడినవాడికే పనిచేయని మందు!

డాలస్_పిన్ని:
పాట మందని నేనెప్పుడన్నాను, ఓదార్పు అన్నాను. సరే నానీ, మార్చాలనిపిస్తే కంట్రీ గాయని డాలీ పార్టన్ పాడగా 1974లో విడుదలైన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ విను, విట్నీ హ్యూస్టన్ తర్వాత పాడింది కాదు, అసలుది. అది ప్రేమికుడి కోసం రాసింది కాదు, తనని పైకి తెచ్చిన గాయకుడు పోర్టర్ వాగనర్ టీవీ షో వదిలేస్తూ ఆయన కోసం రాసుకుంది. వెళ్లిపోయే మనిషి వైపు నుంచి వింటే నీకు ఇంకో సంగతి తడుతుందేమో.

నిద్రరాని_నాని:
విన్నాను పిన్నీ. ఆవిడ అందులో శుభం కోరుతుంది, నాకింకా కోపం పోలేదు, కాబట్టి ఇప్పుడది ఎక్కదు. గాలి అన్నా, ఎర్ర గీతల మాట గట్టిగానే తగిలింది. పాట మాత్రం ఆపను, ఈసారి ఆ స్నేహితుడి గొంతు పట్టుకుని వింటా.