నాన్నకి పైపళ్లన్నీ తీసేసి ఇంప్లాంట్లు పెట్టించవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ దగ్గర పల్లె. నాన్నకి 63 ఏళ్లు, షుగర్ ఉంది. ఫ్లోరైడ్ నీళ్లకి పళ్లు ఎప్పుడో గోధుమరంగుకి తిరిగాయి, దానికి తోడు చుట్ట. ఇప్పుడు పైవరసలో సగం కదులుతున్నాయి. జొన్నరొట్టె పాలలో నానబెట్టుకుని తింటున్నారు. తీసిపెట్టే కట్టుడు పళ్లంటే ససేమిరా అంటున్నారు. డాక్టరు గారేమో నాలుగు ఇంప్లాంట్ల (దవడ ఎముకలో బిగించే స్క్రూల) మీద వరస మొత్తం అదే రోజు బిగిస్తానన్నారు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చండీ, కానీ ఆ రోజు బిగించేది తాత్కాలికం, ఎక్కువగా అక్రిలిక్‌ది (ఒక రకం ప్లాస్టిక్). స్క్రూలు ఎముకతో కలిసిపోవడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, అసలు సెట్టు ఆ తర్వాతే. కోట్ చేసిన రేటులో అది కూడా ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకని 3డీలో చూపే ఎక్స్‌రే) చూడకుండా ఒప్పుకోవద్దు. వెనక రెండు స్క్రూలు ఏటవాలుగా వేస్తారు, పైన సైనస్‌కి (చెంప ఎముక లోపలి గాలి గదికి) తగలకుండా.

జవాబు: మా అమ్మకి చేయించాం. హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) తగ్గేదాకా డాక్టరు చెయ్యే వేయలేదు. మొదట్లో 'స' సరిగ్గా పలకక ఫోన్ ఎత్తడమే మానేసింది! సెట్టు కింద ఇరుక్కున్న మెతుకులు రోజూ వాటర్ ఫ్లాసర్‌తో (నీటిధారతో సందులు కడిగే పరికరంతో) తీయాలి, లేదంటే చిగురు వాస్తుంది. చుట్ట మాత్రం మానాల్సిందే.

అడిగినవారు: చుట్ట మాట ఎత్తగానే మొహం మాడ్చుకున్నారు. సోమవారం షుగర్ టెస్టు, స్కాన్ చేయించి రాస్తాను.