‘ప్రాజెక్ట్ బ్లూ బుక్’ సిరీస్‌లో చరిత్ర ఎంత, కల్పన ఎంత?

ప్రశ్న – వేకువచుక్క

హిస్టరీ ఛానల్ 2019, 2020 సంవత్సరాలలో ప్రసారం చేసిన ‘ప్రాజెక్ట్ బ్లూ బుక్’ సిరీస్ రెండు సీజన్లూ మా ఇంట్లో ఈమధ్యే చూడటం ముగించాము. ఎగిరే పళ్ళాలు కనిపించాయంటూ వచ్చిన ఫిర్యాదులను 1950లలో అమెరికా వైమానిక దళం విచారించడం, అందుకోసం అలెన్ హైనెక్ అనే ఖగోళశాస్త్ర ఆచార్యుడిని సలహాదారుగా పెట్టుకోవడం, కెప్టెన్ మైఖేల్ క్విన్ అనే అధికారిని ఆయనకు జతచేసి ఊరూరా తిప్పడం ఇందులోని కథ. హైనెక్‌గా ఐడన్ గిలెన్ నటన, ఆ కాలపు కార్లు, కోట్లు, ఇళ్ళు, గదుల్లో కమ్ముకున్న సిగరెట్ పొగ అన్నీ చక్కగా కుదిరాయి.

అయితే పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ప్రతి ఎపిసోడ్ చివరా “ఇది నిజంగా జరిగిందా?” అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. నిజమైన వ్యక్తులూ ఊళ్ళూ కథలో ఉన్నమాట తెలుస్తూనే ఉంది. కాని ఇద్దరు జనరల్స్ తలుపులు మూసుకుని కుట్రలు పన్నడం, హైనెక్ భార్యతో ఒక సోవియట్ గూఢచారిణి స్నేహం చేయడం వంటివి చూసినప్పుడు ఎక్కడ చరిత్ర ముగిసి ఎక్కడ కల్పన మొదలయిందో అంతుపట్టలేదు. ప్రభుత్వం అంతగా దాచిపెట్టిందా? ఆ కాలపు రికార్డుల గురించి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం – పాతఫైళ్ళు

ముందుగా మనుషుల సంగతి చెబుతాను. హైనెక్ నిజమైన వ్యక్తి. ఆయన భార్య మిమీ కూడా నిజమే. గూఢచారిణి ఉపకథ మాత్రం రచయితలు అల్లినది. జనరల్ హార్డింగ్, జనరల్ వాలెంటైన్ కల్పిత పాత్రలు. కెప్టెన్ క్విన్ కూడా కల్పితుడే కాని, ఆ పాత్ర వెనుక ఎడ్వర్డ్ రప్పెల్ట్ అనే అసలైన కెప్టెన్ ఉన్నాడు. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానాలలో పనిచేసివచ్చిన రప్పెల్ట్ 1951 నుంచి 1953 వరకు ఈ విచారణ విభాగాన్ని నడిపాడు. ‘ఎగిరే పళ్ళెం’ అనగానే జనం నవ్వుతున్నారని, దాని బదులు ‘అన్ఐడెంటిఫైడ్ ఫ్లయింగ్ ఆబ్జెక్ట్’ అనే మాటను వాడుకలోకి తెచ్చినవాడు ఆయనే. క్విన్ తుపాకీ పట్టుకుని తిరుగుతాడు. రప్పెల్ట్ ఎక్కువగా ప్రశ్నావళులు పట్టుకుని తిరిగాడు. సాక్షులందరినీ ఒకే పద్ధతిలో అడగాలన్న పట్టుదలతో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వారిచేత ఒక ప్రశ్నపత్రాన్ని తయారు చేయించాడు.

సిరీస్ చేసిన పెద్ద మార్పు కాలం విషయంలో కనిపిస్తుంది. హైనెక్ బ్లూ బుక్‌తోనే ఈ పనిలోకి వచ్చినట్టు తెరపై చూపించారు. నిజానికి ఆయన అంతకు నాలుగేళ్ళ ముందే, 1948లో, ప్రాజెక్ట్ సైన్ అనే తొలి విచారణకు సలహాదారుగా చేరాడు. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే ప్రైవేటు పైలట్ రెయినియర్ పర్వతం దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులను చూశానని చెప్పడంతో దేశమంతటా ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వాటిలో నక్షత్రాలు ఏవో, ఉల్కలు ఏవో ఏరివేయడానికి ఒక ఖగోళశాస్త్రజ్ఞుడు కావలసివచ్చాడు. విచారణ జరిగే రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరం ఒహాయోలోని డేటన్‌లో ఉంది. హైనెక్ పాఠాలు చెప్పే కొలంబస్ అదే రాష్ట్రంలో, దగ్గరలో ఉంది. ఆయన ఎంపికకు కారణం చాలావరకు ఇంతే. సైన్ తరువాత 1949లో గ్రడ్జ్, 1952లో బ్లూ బుక్ వచ్చాయి.

ఇక కేసుల సంగతి. మొదటి ఎపిసోడ్‌లో ఫుల్లర్ అనే పైలట్ ఒక వెలుగుతో పోరాడతాడు. దీనికి మూలం 1948 అక్టోబరు 1 రాత్రి నార్త్ డకోటాలోని ఫార్గో పట్టణంపై జరిగిన ఘటన. జార్జ్ గోర్మన్ అనే నేషనల్ గార్డ్ పైలట్ తన ఎఫ్-51 విమానంలో ఒక చిన్న తెల్లని వెలుగును 27 నిమిషాలపాటు వెంబడించాడు. అది తనమీదికి దూసుకువచ్చి తప్పుకున్నదని చెప్పాడు. దర్యాప్తుకు వచ్చినవారు గైగర్ కౌంటర్‌తో ఆ విమానాన్ని పరీక్షించినప్పుడు, చాలాకాలంగా గాలిలోకి లేవని విమానాలకంటే దానిలో రేడియోధార్మికత ఎక్కువగా కనిపించింది. సిరీస్ రచయితలకు ఇంతకుమించిన వరం ఉండదు కదా! అయితే ఎత్తులో ఎగిరివచ్చిన ఏ విమానానికైనా వాతావరణపు రక్షణ తగ్గి, కాస్మిక్ కిరణాల తాకిడి కొంత ఎక్కువవుతుందని తరువాత తేల్చారు. వెలుగు కనిపించడానికి కొద్ది నిమిషాల ముందే ఫార్గో వాతావరణ కేంద్రం దీపం కట్టిన బెలూన్ ఒకటి వదిలినట్టు కూడా నమోదై ఉంది. చీకటిలో ఒంటరి దీపం ఎంత దూరంలో ఉన్నదో కన్ను చెప్పలేదు కాబట్టి, వేగంగా తిరుగుతున్న పైలట్‌కు తన కదలికే దీపం కదలికగా కనిపించే అవకాశం ఉంది.

మరో ఎపిసోడ్‌లో వచ్చే లబక్ దీపాలు 1951 ఆగస్టులో టెక్సస్‌లోని లబక్ పట్టణంలో టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయ ఆచార్యులు తమ పెరటిలో కూర్చుని ఉండగా చూసినవి. పక్షుల పొట్టలమీద పడిన వీధిదీపాల కాంతి అన్నది అప్పట్లో బాగా వినిపించిన వివరణ. వెస్ట్ వర్జీనియాలోని ఫ్లాట్‌వుడ్స్‌లో 1952 సెప్టెంబరు 12న పిల్లలు చూసిన ‘రాక్షసి’ విషయంలో ఆ సాయంత్రం ఆకాశంలో ఉల్క రాలిన మాట వాస్తవం. కొమ్మమీద కూర్చున్న గుడ్లగూబను టార్చిలైటు వెలుతురులో చూసి బెదిరారన్నది తరువాతి పరిశోధకుల మాట, నాకు అది సబబుగానే తోస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, సిరీస్‌ను చరిత్రగా చూపించడం మంచిది కాదు. ఊరి పేరు, తేదీ, సాక్షి చూసిన మొదటి దృశ్యం ఫైలునుంచి తీసుకుని, అక్కడినుంచి కథను తమ ఇష్టానికి నడిపించారు.

సమాధానం – రాడార్‌గది

పాతఫైళ్ళు గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. చివరి తీర్పుతో మాత్రం ఏకీభవించలేను. ఆ కాలపు భయాన్ని సిరీస్ బాగా పట్టుకుంది. 1949లో సోవియట్ యూనియన్ అణుబాంబును పరీక్షించింది, 1950లో కొరియా యుద్ధం మొదలయింది. ఆకాశంలో కనిపించిన ప్రతి వెలుగు వెనుకా మాస్కో ఉందేమోనన్న అనుమానం జనరల్స్‌కు నిజంగానే ఉండేది. దాపరికం కూడా నిజమే. అది తెరమీద చూపినంత నాటకీయంగా లేదు, అంతే.

మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌కు ఆధారమైన వాషింగ్టన్ ఘటననే తీసుకోండి. 1952 జూలై 19 అర్ధరాత్రి వేళ వాషింగ్టన్ నేషనల్ విమానాశ్రయం రాడార్‌పై గుర్తుతెలియని చుక్కలు కనిపించాయి. మరుసటి వారాంతంలో మళ్ళీ కనిపించాయి. రాజధాని మీదికి జెట్ విమానాలను పంపవలసివచ్చింది. ఇంత జరిగినా, విచారణాధికారి రప్పెల్ట్‌కు మొదటి ఘటన సంగతి సోమవారం వాషింగ్టన్‌లో దిగాక పత్రికలో చదివితే తెలిసింది. సాక్షులను కలవడానికి కారు కావాలని అడిగితే కార్యాలయం వారు ఇవ్వలేదు. కావాలంటే బస్సులో వెళ్ళమన్నారు, టాక్సీ అయితే సొంత డబ్బు పెట్టుకోవాలన్నారు. పైగా ఆయన ప్రయాణపు అనుమతి ఆ ఒక్క రోజుకే ఉంది, మరునాటికి ఉండిపోతే సెలవు లేకుండా విధులకు గైర్హాజరైనట్టు లెక్క. చేసేది లేక ఆయన డేటన్‌కు తిరుగు విమానం ఎక్కాడు. ఈ సంగతులన్నీ రప్పెల్ట్ స్వయంగా 1956లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ట్రావెలింగ్ అలవెన్సు బిల్లు పెట్టుకున్న ఏ ప్రభుత్వోద్యోగికైనా ఈ ఘట్టం పరాయిగా అనిపించదు. సిరీస్‌లో ఇలాంటి దృశ్యం ఒక్కటి ఉన్నా నేను మరింత మెచ్చుకునేవాడిని.

జూలై 29న జనరల్ జాన్ శాంఫర్డ్ పెంటగన్‌లో విలేకరుల సమావేశం పెట్టి, ఉష్ణోగ్రతా విలోమం వల్ల రాడార్‌పై అటువంటి చుక్కలు కనిపించి ఉండవచ్చునని చెప్పారు. మామూలుగా పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడుతుంది. కొన్ని వేసవి రాత్రులలో కింద చల్లగాలి, పైన వేడిగాలి పొర ఏర్పడినప్పుడు రాడార్ తరంగాలు నేలవైపు వంగి, కింద ఉన్న వస్తువుల ప్రతిధ్వనిని తెచ్చి గాలిలో ఉన్నట్టు చూపిస్తాయి. విమానాశ్రయం రాడార్ గదిలో కూర్చున్న కంట్రోలర్లు మాత్రం అటువంటి దొంగ గుర్తులను తాము రోజూ చూస్తుంటామని, ఇవి వేరని పట్టుబట్టారు.

అసలు దాపరికం దీని తరువాత వచ్చింది. 1953 జనవరిలో భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్‌సన్ అధ్యక్షతన సీఐఏ ఒక సంఘాన్ని కూర్చింది. తరువాత నోబెల్ బహుమతి పొందిన లూయిస్ ఆల్వరెజ్ కూడా అందులో సభ్యుడు. ఈ వస్తువులవల్ల ప్రత్యక్ష ప్రమాదం కనిపించలేదని, పుకార్లవల్ల సైనిక సమాచార మార్గాలు స్తంభించడమే అసలు ప్రమాదమని వారు తేల్చారు. కాబట్టి పత్రికలు, చలనచిత్రాల ద్వారా ప్రజలలో ఈ ఆసక్తిని తగ్గించాలని, ఔత్సాహిక సంఘాలపై ఒక కన్ను వేసి ఉంచాలని సిఫారసు చేశారు. అదే సంవత్సరం ఆగస్టులో వచ్చిన వైమానిక దళ నిబంధన 200-2 ప్రకారం, ఏ వస్తువో తేలిపోయిన కేసుల గురించే స్థావరాలు పత్రికలకు చెప్పవచ్చు. తేలనివాటి గురించి నోరు విప్పకూడదు. గ్రహాంతరవాసుల శవాలను దాచినట్టు ఆధారం ఏదీ లేదు కాని, ‘తెలియదు’ అన్న మాటను దాచినట్టు ఆధారం కాగితంమీద ఉంది. మీ అబ్బాయికి ఈ తేడా చెప్పండి.

సమాధానం – బెలూన్‌వీధి

పై ఇద్దరూ వదిలేసిన ఒక విషయం. 1948 జనవరి 7న కెంటకీలో కెప్టెన్ థామస్ మాంటెల్ ఆకాశంలో ఒక పెద్ద మెరిసే వస్తువును వెంబడిస్తూ, ఆక్సిజన్ పరికరం లేకుండా 20,000 అడుగులు దాటి పైకి వెళ్ళి, విమానం కూలి మరణించాడు. మొదట శుక్రగ్రహాన్ని చూసి భ్రమపడ్డాడన్నారు. చాలా ఏళ్ళకు, నౌకాదళం రహస్యంగా ఎగరేస్తున్న స్కైహుక్ అనే భారీ బెలూన్ అయి ఉండవచ్చునన్న వివరణ బలపడింది. ఒక శాఖ రహస్యం మరొక శాఖకు తెలియకపోవడం ఎంత పని చేసిందో చూడండి.

నేను హైదరాబాద్ ఈసీఐఎల్ ప్రాంతంవాడిని. అక్కడి టీఐఎఫ్ఆర్ (టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ) కేంద్రం పరిశోధనకోసం వదిలే బెలూన్లు 30 కిలోమీటర్లు దాటి వెళ్తాయి. నేలమీద చీకటి పడినా అంత ఎత్తులో ఎండ ఇంకా ఉంటుంది కాబట్టి, పలుచని ప్లాస్టిక్ పొర వెలిగే గుండ్రని వస్తువులా నిలబడి కనిపిస్తుంది. 2022 డిసెంబరులో ఇక్కడినుంచి వెళ్ళిన ఒక పెద్ద బెలూన్ తాలూకు క్యాప్సూల్ వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగినప్పుడు, ఏదో వింత వస్తువు దిగిందని జనం గుమిగూడారు. అధికారులు సంగతి చెప్పాక ఎవరి పనికి వారు వెళ్ళిపోయారు. చెప్పగలిగిన పరిస్థితి ఉంది కనుక అది ఒక్కరోజు వార్తతో సరిపోయింది.

వేకువచుక్క

ముగ్గురికీ ధన్యవాదాలు. రప్పెల్ట్ బస్సు సంగతి మావాడికి చదివి వినిపిస్తే, సిరీస్ మొత్తంమీద రాని నవ్వు వచ్చింది. ఇంకొక్క సందేహం. రెండవ సీజన్ తరువాత సిరీస్‌ను 2020లోనే ఆపేశారు కదా. తెరమీద హైనెక్ క్రమంగా ప్రభుత్వంపై నమ్మకం కోల్పోతూ కనిపిస్తాడు. నిజజీవితంలో కూడా అలాగే జరిగిందా?

సమాధానం – పాతఫైళ్ళు

జరిగింది, కాని రెండు సీజన్ల వ్యవధిలో కాదు, దాదాపు ఇరవై ఏళ్ళలో. 1950లలో ఆయన వివరణలు వెతికి కేసులు మూసే పక్షానే ఉన్నాడు. 1956నుంచి స్మిత్‌సోనియన్ సంస్థలో కృత్రిమ ఉపగ్రహాల కదలికలను గమనించే కార్యక్రమాన్ని నడిపాడు. అందుకోసం ప్రపంచమంతటా నెలకొల్పిన 12 ప్రత్యేక కెమెరాలలో ఒకటి మన నైనితాల్‌లో ఉండేది. ఆకాశాన్ని కొలవడం తెలిసిన మనిషికి, సాక్షులు చెప్పే కోణాలనూ వేగాలనూ ఏళ్ళ తరబడి చూసేసరికి, కొన్ని ఫైళ్ళు ఏ వివరణకూ లొంగడంలేదన్న అసంతృప్తి మొదలయింది.

1964 ఏప్రిల్ 24న న్యూ మెక్సికోలోని సోకోరోలో లోనీ జమోరా అనే పోలీసు అధికారి వేగంగా పోతున్న కారును తరుముతుండగా పెద్ద చప్పుడు విని, దారి మళ్ళి, ఒక వాగు గట్టు దిగువన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న తెల్లని వస్తువును చూశానని చెప్పాడు. హైనెక్ అక్కడికి వెళ్ళాడు. నేలమీద గుంటలు, కాలిన పొదలు ఉన్నాయి. సాక్షి అబద్ధమాడే మనిషిగా ఆయనకు కనిపించలేదు. బ్లూ బుక్ కూడా ఆ కేసును తేలనివాటిలోనే ఉంచింది.

ఆయన పరువు పోయింది మాత్రం 1966 మార్చిలో. మిషిగన్‌లో డెక్స్‌టర్, హిల్స్‌డేల్ ప్రాంతాల చిత్తడినేలలపై చాలామంది వెలుగులు చూశారు. పత్రికలవారు చుట్టుముట్టి ఏదో ఒకటి చెప్పమంటే, కుళ్ళిన ఆకులనుంచి పుట్టే చిత్తడివాయువు మండి ఉండవచ్చునని హైనెక్ అన్నాడు. ఆ ఒక్కమాట పట్టుకుని దేశమంతా వ్యంగ్యచిత్రాలు వేసింది. మిషిగన్‌కు ప్రాతినిధ్యం వహిస్తున్న, తరువాతి కాలంలో అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ కాంగ్రెస్‌లో విచారణ జరపాలని కోరాడు. ఫలితంగా కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కాండన్ నాయకత్వాన ఒక సంఘం ఏర్పడింది. మరింత పరిశోధనవల్ల విజ్ఞానశాస్త్రానికి పెద్దగా ఒరిగేదేమీ లేదని అది చెప్పడంతో 1969 డిసెంబరు 17న బ్లూ బుక్‌ను మూసివేస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికి నమోదైన ఫిర్యాదులు 12,618. వాటిలో తేలనివి 701, అంటే నూటికి ఆరులోపే. సిరీస్ మూడో సీజన్, నాలుగో సీజన్ వరకు సాగి ఈ చిత్తడివాయువు ఘట్టాన్ని చూపి ఉంటే ఐడన్ గిలెన్‌కు అసలైన పరీక్ష అదే అయ్యేది.

ఆ తరువాత హైనెక్ సొంతంగా 1973లో ఒక అధ్యయన కేంద్రాన్ని స్థాపించి, 1986లో మరణించేవరకు ఆ పనిలోనే ఉన్నాడు. రాడార్‌గది గారి అభ్యంతరాన్ని నేను సగం ఒప్పుకుంటాను: దాపరికం గురించిన ఎపిసోడ్లు భావంలో నిజానికి దగ్గరే. మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే బ్లూ బుక్ ఫైళ్ళు అమెరికా జాతీయ పత్రాగారంలో అందరికీ అందుబాటులో ఉన్నాయి. మొదటి ఎపిసోడ్‌ను మరోసారి చూపించి, గోర్మన్ చెప్పిన మాటలను పక్కన పెట్టి పోల్చమనండి; వాతావరణ బెలూన్ విడిచిన సమయం దగ్గరనుంచి మొదలుపెడితే తేలిక.