మెమరీ ప్రాక్టికల్‌కి తెలుగులో అర్థం లేని మాటలు కావాలి

సిరిమల్లె:
ఎం.ఏ. సైకాలజీ ప్రాక్టికల్‌లో మరపు రేఖ, అంటే సమయం గడిచేకొద్దీ ఎంత మరిచిపోతామో చూపే గీత, గీయాలి. నా సబ్జెక్ట్ మా అమ్మే. పదో తరగతి వరకు తెలుగు మీడియం. మాన్యువల్‌లోని ఇంగ్లిష్ సిలబుల్స్ (అర్థం లేని అక్షరాల ముక్కలు) ఇస్తే జ్ఞాపకం కన్నా ముందు స్పెల్లింగే ఆమెకు పరీక్ష అయింది. అందుకని గెబు, జోమి, ఠీచు అంటూ పన్నెండు మాటలు నేనే అల్లి కాగితం మీద రాసిచ్చాను. అమ్మేమో "గెబు అంటే గబగబ, జోమి దోమకి చెల్లెలు" అని కథ కట్టేసుకుంది. మర్నాడు పన్నెండుకి పది అప్పజెప్పింది! గీత కిందికి దిగనే లేదు. తెలుగులో చివర అచ్చు చేరగానే ఏదైనా మాటలాగే వినిపిస్తుంది. సోమవారం రికార్డు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాత లెక్చరర్:
అమ్మా, ఈ చిక్కు మరపు రేఖ మొదట గీసిన జర్మన్ సైకాలజిస్టు ఎబ్బింగ్‌హాస్‌కే ఎదురైంది. సుమారు 2,300 సిలబుల్స్ చేసుకుని తన మీదే ప్రయోగించుకున్నాడు. అన్నీ ఒకే కష్టంగా ఉండవని 1885 నాటి తన పుస్తకంలో ఒప్పుకున్నాడు కూడా. కానీ నిమిషానికి 150 చొప్పున, టిక్కు టిక్కుకి ఒకటిగా చదివేవాడు. కథ కట్టే వ్యవధి ఎక్కడిది? మీరు కాగితం మొత్తం అమ్మగారి చేతికి ఇవ్వకండి. ఒక్కో కార్డు మీద ఒక్కో మాట రాసి, ఒకే వేగంతో తిప్పండి. ఎన్ని గుర్తున్నాయో కాదు, తప్పు లేకుండా చెప్పడానికి మొదట ఎన్నిసార్లు చదివారు, మర్నాడు ఎన్నిసార్లు అన్నది రాయండి. ఆ తగ్గుదల మొదటి లెక్కలో ఎంత శాతమో అదే పొదుపు. ఆయనకి 20 నిమిషాలకు 58 శాతం, ఒక రోజుకు 34, నెలకు 21 మిగిలింది.

గోదారి గట్టు:
ముందు మాటల్ని జల్లెడ పట్టండి. 1928లో గ్లేజ్ అనే పరిశోధకుడు చేసింది అదే. ఒక్కో సిలబుల్ రెండు మూడు సెకన్లు చూపించి, ఏమైనా తోచిందా అని విద్యార్థుల్ని అడిగాడు. మీ హాస్టల్‌లో నలుగురిని అడగండి. ఎవరికీ ఏమీ తోచనివే ఉంచండి. అమ్మగారి కథని మాత్రం కొట్టేయకండి, రికార్డులో రాయండి. అర్థం కోసం వెతకడమే మనిషి జ్ఞాపకం తీరు అని 1932లో బ్రిటిష్ సైకాలజిస్టు బార్ట్‌లెట్ వాదించింది ఇలాంటివాటి గురించే.

సిరిమల్లె:
ఇద్దరికీ నమస్కారాలు. కార్డులతో మళ్లీ చేశాను. మొదటి రోజు 15 సార్లు, ఇవాళ 8 సార్లు. పొదుపు 47 శాతం. ఎబ్బింగ్‌హాస్ కన్నా ఎక్కువే, ఇంకా రెండు మాటలకి అమ్మ అర్థం పెట్టుకుందట, అది కూడా రాశాను. జోమిని తీసేశాను. అదేమైందని పొద్దుట కూడా అడిగింది.